సోనేపూర్ రొయ్య, హిరోషిమా చిరుతిండి



జపాన్ వాళ్ల చిరుతిళ్ల గురించి, పాతవీ కొత్తవీ కలిపి, కాసేపు మాట్లాడమన్నారు. మాట్లాడతాను. కాకపోతే టోక్యోలో కాదు, మన సోనేపూర్ ఒడ్డున మొదలుపెడతాను. జపాన్ చిరుతిళ్లలో బాగా పేరున్న ఒకదానికి కావలసిన ముడిసరుకు మన ఒడ్డున రోజూ ఇసుక మీద ఎండుతూ ఉంటుంది. మనం దాన్ని కూరలో వేసుకుని మరిచిపోతాం. వాళ్లు దాన్ని పొట్లం కట్టి దేశమంతా తినిపించారు. ఈ తేడా ఎక్కడ వచ్చిందన్నదే నాకు ఆసక్తి.

గజపతి కొండల్లో పుట్టిన బాహుదా, ఇచ్ఛాపురం దగ్గర ఆంధ్రలో అడుగుపెట్టి, సోనేపూర్ దగ్గర సముద్రంలో పడుతుంది. ఒడియా వాళ్లు ఈ ఊరిని సునాపూర్ అంటారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డప్పుడు బరంపురం అటు పోయింది, ఇచ్ఛాపురం ఇటు మిగిలింది. అంతకు ముందు అంతా ఒకటే గంజాం జిల్లా, మద్రాసు పాలన. కాగితం మీద గీత పడింది కానీ వల లాగేవాళ్ల నోట మాట మారలేదు. ఈ ఒడ్డున తెప్ప వేసేవాళ్లు ఇప్పటికీ తెలుగే మాట్లాడుకుంటారు. ఒడియా వాళ్లకు వీళ్లు నోళియాలు. తమలో తాము మాత్రం వాడబలిజలమనీ జాలర్లమనీ చెప్పుకుంటారు.

వల ఒడ్డుకు చేరగానే జరిగే మొదటి పని ఏరివేత. పెద్ద రొయ్య ఐసు పెట్టెలోకి పోతుంది. దాని కోసం బేరగాడు అప్పటికే నిలబడి ఉంటాడు. గోరంత చిల్లర రొయ్య పక్కకు పోతుంది. దాన్ని ఆడవాళ్లు ఎండలో పరిచి, తిరగేసి, గలగలలాడేదాకా ఎండబెట్టి సంతకు తీసుకెళ్తారు. మన భాషలో అది రొయ్యపొట్టు. ఒడియా వాళ్లు ఎండు చేపనూ ఎండు రొయ్యనూ కలిపి సుఖువా అంటారు. గోంగూరలోనో వంకాయలోనో గుప్పెడు పడితే కూరకు ప్రాణం వస్తుంది. వాసన పడనివాళ్లు వీధి మారిపోతారు, అది వేరే సంగతి.

ఇక ఐసు పెట్టెలోకి పోయిన పెద్ద రొయ్య ఎక్కడికి పోయేది? 1980లలో, 1990లలో మన దేశపు రొయ్యకు జపానే అన్నిటికన్నా పెద్ద గిరాకీ. 2000 దాటాక ఆ చోటు అమెరికాకు పోయింది. జపాన్ పళ్లెంలో తెంపురాగా తేలిన రొయ్యల్లో మన తూర్పు తీరపు రొయ్య తక్కువేం కాదు. ఆ గిరాకీ కోసమే చిలికా చుట్టూ, ఈ తీరం పొడవునా చెరువులు తవ్వారు. వరి పండే నేలలో ఉప్పు నీళ్లు నిలిచాయి. ఆఖరికి 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు, పాతకాలపు పద్ధతులు మినహాయించి, తీరప్రాంత నియంత్రణ మండలంలో రొయ్యల చెరువులు వద్దని తీర్పు చెప్పాల్సివచ్చింది. అది పెద్ద కథ. ఇవాళ నా కథ చిన్న రొయ్యది.

హిరోషిమాలో మత్సువో తకాషి అని ఒకాయన ఉండేవాడు. యుద్ధం ముగిశాక ఊళ్లో తినడానికి ఏమీ లేని రోజుల్లో తిండి వస్తువుల వ్యాపారం మొదలుపెట్టాడు. 1949లో కంపెనీ పెట్టాడు. 1955లో దానికి కల్బీ అని పేరు మార్చాడు. కాల్షియంలోంచి సగం, విటమిన్ బి-1లోంచి సగం తీసి అతికించిన పేరు అది. అప్పటి జపాన్ పిల్లలకు ఆ రెండూ లోపించాయి మరి. బియ్యం మీద అదుపు ఉండేది, అమెరికా గోధుమ ఓడల్లో వచ్చి దిగుతుండేది. బియ్యంతో చేయాల్సిన అరారే అనే కరకరలాడే చిరుతిండిని ఆయన గోధుమపిండితో చేసి అమ్మాడు. అది పాత తిండికి కొత్త ధాన్యం తొడగడం. బొబ్బట్టుకు మైదా వచ్చినట్టే అనుకోండి.

అసలు పని ఆ తర్వాత జరిగింది. హిరోషిమా ముందున్న సముద్రంలో చిన్న రొయ్య విరివిగా పడుతుంది, దానికి ధర పలకదు. మత్సువోకు చిన్నప్పుడు వాళ్లమ్మ ఏటి రొయ్యల్ని పిండిలో కలిపి నూనెలో వేసి పెట్టిన రుచి గుర్తుంది. ఆ రుచిని పొట్లంలోకి ఎక్కించాలని చూశాడు. రొయ్యను వలిచి, ఎండబెట్టి, సారం తీసి కలపొచ్చు. ఆయన అలా చేయలేదు. తలా తోకా పెంకూ అన్నీ ఉన్న పచ్చి రొయ్యను మెత్తగా నూరించి గోధుమపిండిలో పిసికించాడు. పెంకులోనే కదా కాల్షియం! ఆ ముద్దను ఉడికించి, పొడుగు ముక్కలుగా కోసి, ఆరబెట్టి, నూనెలో ముంచకుండా వేడి పాత్రలో వేపారు. ముక్క పొంగి గుల్ల అయింది. 1964లో అది కప్పా ఎబిసెన్ పేరుతో బజారుకు వచ్చింది. జపాన్‌లో ఇవాళ్టికీ అమ్ముడవుతోంది. తాతా మనవడూ ఒకే పొట్లంలో చెయ్యి పెట్టి తినే తిండి.

ఈ సంగతి సోనేపూర్ ఒడ్డున రొయ్యపొట్టు తిరగేస్తున్న ఒక పెద్దావిడకు చెప్పాను. ఆవిడ నమ్మలేదు.

"పెంకుతోనేటి బావూ? గొంతులో గుచ్చుకోదా?" అంది.

"మిల్లులో మెత్తగా నూరేస్తారప్పా, ఏమీ తగలదు" అన్నాను.

"అయితే మిల్లు ఉన్నోడికే లాభం" అని తన పని తను చూసుకుంది. ఈ ప్రసంగం మొత్తంలో నేను చెప్పబోయే ఆర్థికశాస్త్రం కన్నా ఆ ముక్క గట్టిది.

సరే, పాత తిళ్లలోకి వద్దాం. జపాన్ చిరుతిళ్లకు పెద్దదిక్కు సెన్‌బే. అరచేతంత గుండ్రటి బియ్యప్పిండి బిళ్ల, నిప్పుల మీద కాల్చి సోయా పులుసు పూసింది. టోక్యోకు ఉత్తరాన సోకా అనే ఊరు దీనికి పేరుపడింది. పాత రోజుల్లో అది నిక్కో వెళ్లే బాటలో మజిలీ. అక్కడ ఒసెన్ అనే ముసలమ్మ బాటసారులకు బియ్యప్పిండి ఉండలు అమ్మేదట. మిగిలిపోయిన ఉండలు పారేస్తుంటే ఒక యోధుడు చూసి, వాటిని అదిమి ఎండబెట్టి కాల్చి అమ్ముకోమని సలహా ఇచ్చాడట. కథే అనుకోండి. కానీ మిగిలింది పారేయకుండా ఎండబెట్టడమన్నది ప్రతి బియ్యపు దేశపు వంటింటికీ తెలిసిన విద్యే.

సెన్‌బేను మొదటిసారి చూసిన తెలుగువాళ్లు "మన చెక్కలే కదా" అంటారు. చూపుకు అలాగే ఉంటుంది, అదీ బియ్యప్పిండే, ఇదీ బియ్యప్పిండే. నేను ఒప్పుకోను. చెక్కకు పచ్చి పిండిని తడిపి తట్టి నూనెలో వేస్తాం. సెన్‌బేకు పిండిని ముందు ఆవిరి మీద ఉడికించి, ముద్ద చేసి, పల్చగా చేసి ఎండబెట్టి, ఆ తర్వాత కాలుస్తారు. ఉడికిన పిండి ఎండితే గాజులా బిగుస్తుంది. లోపల పది శాతం పైచిలుకు తడి మాత్రం చిక్కుకుని ఉంటుంది. వేడి తగలగానే ఆ తడి ఒక్కసారిగా ఆవిరై బయటికి తన్నుతుంది, బిళ్ల పొంగుతుంది. మరీ ఎండిపోతే పొంగదు, సరిగా ఎండకపోయినా పొంగదు. ఇది మనకు బాగా తెలిసిన తిండి లక్షణం. మాఘమాసం ఎండల్లో డాబా మీద పాత పంచె పరిచి, గంజిలా ఉడికించిన బియ్యప్పిండిలో జీలకర్ర, పచ్చిమిరప నూరి వేసి, గరిటెతో చుక్కలు పెట్టి, కాకుల నుంచి కాపలా కాసే తిండి. అందుకే సెన్‌బేకు చుట్టం చెక్క కాదు, పిండి వడియం. తేడా అల్లా చివరి మెట్టులో ఉంది. మనం నూనెలో వేస్తాం, వాళ్లు నిప్పు మీద కాలుస్తారు. పాత జపాన్‌లో నూనె ఖరీదైన సరుకు, ఎక్కువగా దీపాలకే పోయేది.

బరంపురం వాళ్లకు ఈ విద్య మరీ దగ్గర. మన ఊరి పేరు చెప్పగానే పట్టు బట్ట తర్వాత జనానికి గుర్తొచ్చేది అప్పడమే. మినప్పిండిలో అప్పడాల ఖారం వేసి బండ మీద దంచి, ఉండలు చేసి, ఆడవాళ్లు ఇళ్లల్లో కూర్చుని వత్తిన అప్పడం. రైలెక్కే వాడు బంధువుల కోసం రెండు కట్టలైనా కొనకుండా ఊరు దాటడు. కాల్చి తింటే ఒక రుచి, వేయించి తింటే ఒక రుచి. సముద్రపు గాలి తగిలితే పావుగంటలో మెత్తబడి తోలులా సాగుతుంది, అదొక్కటే దాని జబ్బు. వానాకాలంలో జపాన్ చిరుతిళ్లది కూడా ఇదే జబ్బు. వాళ్లూ దీవుల మీద బతికేవాళ్లే, ఉక్కా చెమటా వాళ్లకూ తెలుసు. ముందు టీనుడబ్బాల్లో పెట్టుకున్నారు, తర్వాత తేమ పీల్చే పొట్లాలు వేశారు. 1977లో మిత్సుబిషి గ్యాస్ కెమికల్ కంపెనీ ఏజ్‌లెస్ అనే చిన్న సంచీ తయారుచేసింది. లోపల ఇనుప పొడి. పొట్లంలో మిగిలిన ఆక్సిజన్‌తో కలిసి అది తుప్పు పట్టిపోతుంది, తిండి మాత్రం చెడదు. తుప్పును పనికి పెట్టుకోవడం గడుసుతనమే. మన అప్పడం ఇంకా ప్లాస్టిక్ సంచీలోనే తిరుగుతోంది.

మూరీల సంగతి చెప్పకపోతే గంజాం శ్రోతలు ఊరుకోరు. ఒడియా ఇళ్లల్లో ముఢి లేని పూట ఉండదు. మన శ్రీకాకుళం, ఇచ్ఛాపురం వైపు మూరీ మిక్చర్ బండి లేని సాయంత్రం ఉండదు. ఉప్పుడు బియ్యాన్ని కాగిన ఇసుకలో వేసి కలియబెడితే పేలడం కూడా ఇందాకటి సూత్రమే. ఉడికి, ఎండి, వేడి తగిలి పొంగడం. బెల్లం పాకం పట్టి ఉండ చేస్తే మనకు మూరీ ఉండ, ఒడియాకు ముఢి మువా. టోక్యోలో అసకుసా అనే పేటలో పెద్ద గుడి ఉంది, దాని ఉరుముల ద్వారం ముందు తరతరాలుగా అమ్మే తిండి కమినారి ఒకోషి. పేలిన బియ్యాన్ని పాకంలో కలిపి అచ్చుకోసిన ముక్క. గుడికి వచ్చినవాడు ఇంటికి పట్టుకెళ్తాడు. పూరీ వెళ్లినవాడు ఖాజా పట్టుకొచ్చినట్టు.

గుడి మాట వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. క్యోటోలో 1617 నుంచి నడుస్తున్న కమేయా కియోనగా అనే మిఠాయి దుకాణం ఉంది. అక్కడ సెయిజో కన్కిదాన్ అని ఒకటి చేస్తారు. చిన్న డబ్బుసంచీ మూతి ముడిచి కట్టినట్టు ఉంటుంది. పైన పిండి, లోపల తీపి చిక్కుడుగింజల ముద్ద, అందులో ఏడు రకాల సుగంధ ద్రవ్యాలు. నువ్వుల నూనెలో నెమ్మదిగా వేయిస్తారు. దీన్ని నైవేద్యం పెట్టే దేవుళ్లలో కన్‌గితెన్ ఉన్నాడు. ఏనుగు ముఖం దేవుడు. అవును, మన వినాయకుడే, బౌద్ధం వెంట చైనా మీదుగా జపాన్ చేరినవాడు. ఆయన మోదకం కూడా ఆయన వెంటే వెళ్లింది. నారా రాజధానిగా ఉన్న ఎనిమిదో శతాబ్దంలో తాంగ్ చైనా వెళ్లొచ్చిన రాయబారులు ఇలాంటి పిండివంటలు తెచ్చారని చెబుతారు. అదే నారాలో 752లో మహాబుద్ధుడి విగ్రహానికి నేత్రోన్మీలనం చేసిన భిక్షువు బోధిసేనుడు మన దేశం వాడు. ఆయన మూటలో కజ్జికాయలు ఉన్నాయని నేను అనను. కానీ చవితినాడు మనింట్లో చేసే తిండికి క్యోటోలో వెయ్యేళ్ల నాటి చుట్టరికం ఉండటం నాకు సంతోషంగా ఉంటుంది. ఈ కన్కిదాన్ ఎంత గట్టిగా ఉంటుందంటే, పళ్లు బలంగా ఉన్నవాళ్లే పూనుకోవాలి.

ఇంతకన్నా దగ్గరి చుట్టరికం ఆకులో ఉంది. ఒడియా పంచాంగం లెక్కలో మార్గశిర బహుళ అష్టమినాడు వాళ్ల ఇళ్లల్లో ప్రథమాష్టమి. ఇంట్లో మొదటి సంతానానికి ఆయుష్షు కోరుతూ చేసే పండుగ. మేనమామ ఇంటినుంచి కొత్త బట్టలు వస్తాయి. ఆ రోజు తప్పనిసరిగా ఎండూరి పిఠా ఉండాలి. బియ్యం, మినప్పప్పు నూరిన పిండిని పసుపు ఆకు మీద పరిచి, నడిమధ్య కొబ్బరీ బెల్లమూ పెట్టి, ఆకు మడిచి ఆవిరి మీద ఉడికిస్తారు. బరంపురంలో తెలుగువాళ్ల ఇళ్లకు కూడా పక్కింటినుంచి వచ్చేస్తుంది. మూత తీయగానే పసుపు ఆకు వాసన వీధిలోకి వస్తుంది. కోనసీమ వాళ్లు పనసాకు బుట్టల్లో పిండి పోసి పొట్టిక్కలు ఉడికిస్తారు కదా, ఆ కుటుంబమే.

జపాన్‌లో మే 5 పిల్లల పండుగ. ఆనాటి తిండి కషివా మోచి. బియ్యప్పిండి ముద్దలో తీపి చిక్కుడు పూర్ణం పెట్టి, కషివా అనే సింధూర జాతి చెట్టు ఆకులో మడుస్తారు. ఎందుకు ఆ ఆకే? కొత్త చిగురు వచ్చేదాకా ఆ చెట్టు పాత ఆకును రాల్చదు. బిడ్డ ఎదిగి వచ్చేదాకా తండ్రి ఉండాలి, వంశం తెగకూడదు అని కోరిక. చూడండి, అక్కడా బిడ్డ ఆయుష్షు, ఇక్కడా బిడ్డ ఆయుష్షు. అక్కడా ఆకులో బియ్యప్పిండి, ఇక్కడా ఆకులో బియ్యప్పిండి. ఒకళ్ల దగ్గర ఒకళ్లు నేర్చుకున్నారని నేను అనడం లేదు, ఆ అవసరమూ లేదు. బియ్యం పండించే తల్లులు ఎక్కడున్నా బిడ్డ కోసం వెతికేది ఒక ఆకునూ ఒక తీపినీ.

వాళ్లదే ఇంకో ఆకు తిండి ఉంది, సకురా మోచి. 1717లో ఎదో నగరంలో, అంటే నేటి టోక్యోలో, చోమెయిజి గుడి దగ్గర మొదలైందంటారు. ఏటి గట్టు మీది చెర్రీ చెట్ల ఆకులు రాలి వృథా అవుతుంటే ఉప్పులో ఊరబెట్టి మోచికి చుట్టారు. ఊరిన ఆకు వాసన వేరే ఎక్కడా దొరకదు. వసంతం రాగానే జపాన్ వాడి ముక్కు ఆ వాసన కోసం వెతుకుతుంది.

ఇక్కడ నాకు కడుపుమంట. అలాంటి వాసన గంజాంలో లేదా? ఉంది. మొగలి పువ్వు. ఈ తీరం ఇసుకదిబ్బల మీద, పొలం గట్ల మీద మొగలి పొదలు ముళ్లతో కంచెల్లా పెరుగుతాయి. వానల్లో పూసిన మగ పువ్వును తెల్లవారకముందే కోసి బట్టీలో పెట్టి అత్తరు తీస్తారు. గంజాం మొగలి పువ్వుకూ దాని అత్తరుకూ భౌగోళిక గుర్తింపు ఉంది. దేశంలో మొగలి అత్తరంటే గంజామే. ఆ అత్తరులో ఎక్కువ భాగం ఎక్కడికి పోతుందో తెలుసా? పాన్ మసాలాకూ జర్దాకూ. మిఠాయికి వచ్చేది చాలా తక్కువ. చెర్రీ ఆకుతో మూడు వందల ఏళ్లుగా మిఠాయి చుడుతున్నారు వాళ్లు. మనం దేశంలోకెల్లా మంచి పువ్వును ఉమ్మివేసే తిండిలో కలుపుతున్నాం.

కొత్త తిళ్ల సంగతి కొంచెం వేగంగా చెబుతాను, ఎందుకంటే అవి ఇప్పుడు మన పిల్లలకే ఎక్కువ తెలుసు. బిస్కెట్ పుల్లకు చాక్లెట్ పూసిన పాకీ 1966లో వచ్చింది, గ్లికో కంపెనీది. పట్టుకునే చోట చాక్లెట్ పూయకుండా వదిలేశారు, చేతికి అంటకుండా. అంతే దాని గొప్ప. ఇంగ్లండులో పుట్టిన కిట్‌క్యాట్‌కు జపాన్‌లో 2004లో పచ్చ టీ రుచి తగిలించారు, ఆ తర్వాత ఒక్కో ఊరికి ఒక్కో రుచి. ఆలూ చిప్స్ అమెరికా సరుకే. కానీ కోయికేయా కంపెనీ 1962లో వాటిని అమ్మకానికి పెట్టినప్పుడు సముద్రపు నాచు, ఉప్పు చల్లి అమ్మింది. దుంప వేరే ఖండానిది, రుచి వాళ్ల ఒడ్డుది. కొత్తగా వచ్చిన ప్రతిదానికీ ఇంటి మసాలా పూయడం వాళ్ల అలవాటు.

కాకినోతానే అని ఒకటుంది. కాకినాడకూ దానికీ ఏ సంబంధం లేదు, ముందే చెబుతున్నా. నీగాతా ప్రాంతంలో నాగఓకా ఊళ్లో 1924 నాటిది. బియ్యపు బిళ్లలు కోసే లోహపు అచ్చును దుకాణదారు భార్య పొరపాటున తొక్కేసిందట. అచ్చు వంకరపోయింది. బాగుచేయలేక అలాగే కోస్తే బిళ్లలు నెలవంకల్లా వచ్చాయి, జనానికి అవే నచ్చాయి. కారం, సోయా పట్టించి, తర్వాతి రోజుల్లో వేరుసెనగ గింజలు కలిపారు. అంటే ఏమిటి? మిక్చర్. రైల్లో, సారా దుకాణంలో, ఆఫీసు బల్ల మీద అక్కడి వాళ్లు నమిలేది దాన్నే. మన కారప్పూస పొట్లంతో పక్కపక్కన పెడితే రెండూ ఒకే పని చేస్తాయి, చెయ్యి ఆగనివ్వవు.

పిల్లల చిల్లర డబ్బుల తిండి గురించి కూడా ఒక మాట. అక్కడ బడి దగ్గర చిన్న కొట్లలో అమ్మే చవక తిళ్లను దగాషి అంటారు. వాటిల్లో ఉమైబో అనే మొక్కజొన్న గొట్టం 1979 నుంచి పది యెన్‌లకే దొరికేది. నలభై ఏళ్లు దాటినా ధర కదలలేదు. 2022 ఏప్రిల్‌లో పన్నెండు యెన్‌లు చేస్తే దేశమంతా వార్త అయింది. మన బడ్డీకొట్టు ముందు తోరణంలా వేలాడే అయిదు రూపాయల పొట్లం కూడా అయిదు రూపాయలే. ధర పెంచరు, లోపలి గ్రాములు తగ్గిస్తారు, గాలి నింపుతారు. అది ఏ వార్తలోనూ రాదు. పొట్లం విప్పిన గుంటడికి మాత్రం తెలుస్తుంది.

ఆ తోరణంలో ఏమేం ఉంటాయి? ఆలూ చిప్స్, మొక్కజొన్న గొట్టాలు, నూడిల్సు. కుర్‌కురే ఉంటుంది. దాన్ని నేను తీసిపారేయను. 1999లో మన దేశంలోనే పుట్టింది, బియ్యప్పిండి, మొక్కజొన్న పిండి, శనగపిండి కలిసిన సరుకు, మన నాలుకను చూసి చేసిన కారం. కంపెనీ మటుకు అమెరికాది. కానీ రొయ్య పడే ఒడ్డున, వల పక్కన కూర్చున్న పిల్లాడి చేతిలో రొయ్య తగిలిన పొట్లం ఒక్కటీ కనబడదు. మిల్లు ఉన్నవాడికే లాభమన్న ఆవిడ మాట ఇక్కడ పనిచేస్తుంది. మత్సువోకు చవక రొయ్య ఉంది, మిల్లుంది, యుద్ధం తర్వాత ఏది దొరికితే అది కొనే జనం ఉన్నారు, తల్లి చేతి రుచి గుర్తుంది. ఈ నాలుగింట్లో మన దగ్గర లేనిది ఒక్క మిల్లే. జనం ఉన్నారు, రొయ్య ఉంది, తల్లులూ ఉన్నారు.

ఇంకో అడ్డు కూడా ఉంది, దాన్ని దాచిపెట్టడం ఎందుకు. ఎండు రొయ్య వాసన మనకు కులాల వాసన. అది ఫలానా వాళ్ల తిండి అని పక్కన పెట్టేస్తాం. పెద్దింటి పండుగకు అప్పడం వస్తుంది, రొయ్యపొట్టు రాదు. జపాన్‌లో ఎండు చేప తురుము రాజుగారి పులుసులోనూ ఉంటుంది, కూలివాడి పులుసులోనూ ఉంటుంది. తిండికి అంతస్తు కట్టని చోట దానికి పొట్లం కట్టడం తేలిక.

మిల్లు వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఈ తీరం ఇళ్లల్లో రొయ్యపొట్టు వేసి గారెలు చేసేవాళ్లు ఉన్నారు. అదే రొయ్యపొట్టును చెక్కల్లో వేసి చూడండి, కొలత చెబుతాను, కాగితం ఉంటే రాసుకోండి. రొయ్యపొట్టును ముందు చేటలో చెరిగి, రెండు మూడు నీళ్లలో ఇసుక పోయేదాకా కడిగి, మళ్లీ ఎండలో గలగలలాడనివ్వండి. తర్వాత సన్నటి సెగ మీద నూనె లేకుండా వేపండి. పచ్చి వాసన పోయి కమ్మటి వాసన రాగానే దింపేయండి, ఒక్క నిమిషం ఎక్కువైతే చేదెక్కుతుంది. చల్లారాక పొడి కొట్టి జల్లెడ పట్టండి. జల్లెడలో మిగిలిన గరుకును పారేయకుండా మళ్లీ దంచండి, కాల్షియం అందులోనే ఉంది.

నాలుగు గ్లాసుల బియ్యప్పిండికి అర గ్లాసు ఈ పొడి చాలు. కారం, జీలకర్ర, కరివేపాకు తుంపులు, గంటసేపు నానిన శనగపప్పు గుప్పెడు. ఉప్పు మామూలుగా వేసేదానిలో సగమే వేసి రుచి చూడండి, రొయ్యలో సముద్రం ఉప్పు ముందే ఉంటుంది. రెండు గరిటెల కాగిన నూనె పోసి కలిపి, వేడి నీళ్లతో గట్టిగా తడపండి. పల్చగా తట్టి, పొంగకుండా అక్కడక్కడ పుల్లతో గుచ్చి, మధ్యస్థమైన సెగ మీద వేయించండి. సెగ పెద్దదైతే పిండి వేగేలోపే రొయ్య మాడుతుంది. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టి మూత బిగించండి, వేడి మీద పెడితే ఆవిరి పట్టి సాయంత్రానికే మెత్తబడతాయి.

రొయ్య పడనివాళ్లు ఇంట్లో ఉంటే వాళ్ల చెక్కలు ముందు వేయించి తీసేయండి. తర్వాతే ఈ పిండి మూకుడులో వేయండి. ఆ నూనెను మళ్లీ వాళ్ల వంటకు వాడకండి.